శస్త్రచికిత్స తరువాత చేతి వాపు: నూరేళ్ల భయం, దాని చరిత్ర

రొమ్ము క్యాన్సర్‌కు శస్త్రచికిత్స చేయించుకొని ఇంటికి చేరిన స్త్రీకి చుట్టూ ఉన్నవారు చెప్పే జాగ్రత్తలు సాధారణంగా ఒకే తీరున ఉంటాయి. ఆ చేత్తో బిందె ఎత్తవద్దు, బట్టలు పిండవద్దు, బిడ్డను ఎత్తుకోవద్దు. చేయి వాచిపోతుందన్న భయమే ఈ నిషేధాలన్నిటికీ మూలం. ఆ భయం అకారణమైనది కాదు. వాపు నిజంగానే వస్తుంది, ఒకసారి స్థిరపడితే పూర్తిగా పోవడం కష్టం. అయితే చేతిని కదపకుండా ఉంచితే వాపు రాదన్న నమ్మకానికి ఆధారమేమిటి? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే వైద్యచరిత్రలో కొంత వెనుకకు వెళ్లాలి.

మన దేహంలో రక్తనాళాలతో పాటు మరొక నాళవ్యవస్థ ఉంది. 1622లో గాస్పారే అసెల్లీ అనే ఇటలీ వైద్యుడు ఒక కుక్క ఉదరంలో పాలవంటి తెల్లని సన్నని నాళాలను గమనించాడు. డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు థామస్ బార్తోలిన్ 1653లో ఈ వ్యవస్థకు లింఫ్ నాళాలన్న పేరు పెట్టాడు. వీటినే మనం శోషరస నాళాలంటాము. కణజాలంలో మిగిలిపోయిన ద్రవాన్ని, మాంసకృత్తులను తిరిగి రక్తంలోకి చేర్చడం వీటి పని. చేతి నుండి వచ్చే నాళాలు, రొమ్ము నుండి వచ్చే నాళాలు చంకలోని లింఫ్ గ్రంథుల వద్ద కలుస్తాయి. చిక్కంతా ఇక్కడే ఉంది. క్యాన్సర్ కోసం ఆ గ్రంథులను తొలగించినా, వాటికి రేడియేషన్ ఇచ్చినా, చేతి ద్రవానికి దారి తగ్గిపోతుంది. మురుగు కాలువ పూడిపోతే వరిమడిలో నీరు నిలిచినట్లే చేతిలో ద్రవం నిలుస్తుంది. దీనిని లింఫిడీమా అంటారు.

మన ప్రాంతంలో బోదకాలును చూడనివారు అరుదు. అక్కడ ఫైలేరియా పురుగులు లింఫ్ నాళాలను పాడుచేస్తాయి, ఇక్కడ చికిత్సే వాటిని తెంచుతుంది. కారణాలు వేరైనా జరిగే హాని ఒక్కటే. ఈ పోలికను అమెరికా శస్త్రవైద్యుడు విలియం హాల్‌స్టెడ్ కూడా గుర్తించాడు. బాల్టిమోర్ నగరంలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో అతడు రొమ్మును, దాని కింది ఛాతీ కండరాన్ని, చంకలోని గ్రంథులను ఒకే ముద్దగా తొలగించే పద్ధతిని స్థిరపరచాడు. 1894లో 50 మంది రోగుల ఫలితాలను ప్రకటించాడు. క్యాన్సర్ రొమ్ము నుండి గ్రంథులకు క్రమంగా పాకుతుంది గనుక ఎంత విస్తారంగా కోస్తే అంత మేలని నాటి నమ్మకం. ఆ పద్ధతి కొన్ని దశాబ్దాలపాటు ప్రపంచమంతటా శాసనంలా చెల్లింది.

దాని మూల్యాన్ని స్త్రీల చేతులు చెల్లించాయి. హాల్‌స్టెడ్ తన మరణానికి ఒక్క సంవత్సరం ముందు, 1921లో, ఈ వాపు గురించి ప్రత్యేకంగా ఒక వ్యాసం ప్రచురించి, దానిని శస్త్రచికిత్స వల్ల వచ్చే ఏనుగువ్యాధిగా పేర్కొన్నాడు. గాయానికి సోకే సూక్ష్మజీవులే ముఖ్యకారణమని అతడు భావించాడు. అందులో కొంత నిజముంది. చర్మానికి ఇన్ఫెక్షన్ సోకితే వాపు పెరుగుతుందని నేటికీ మనం చూస్తున్నాము. కాని గ్రంథుల తొలగింపే అసలు మూలమన్నది అతని దృష్టిలో వెనుకబడింది.

వాపుకు చికిత్స తెలియదా అంటే, తెలుసు. 1892లోనే, అంటే హాల్‌స్టెడ్ ఫలితాలకు రెండేళ్ల ముందే, ఆస్ట్రియా శస్త్రవైద్యుడు అలెగ్జాండర్ ఫాన్ వినివార్టర్ ఇలాంటి వాపులకు చర్మశుభ్రత, ఒత్తిడి కట్లు, మర్దన, వ్యాయామం అవసరమని వ్రాశాడు. ఆ మాట చాలాకాలం మరుగున పడింది. 1930లలో డెన్మార్క్‌కు చెందిన ఎమిల్ వాడర్, ఎస్ట్రిడ్ వాడర్ దంపతులు లింఫ్ ద్రవాన్ని మెల్లగా తరలించే మృదువైన మర్దన విధానాన్ని రూపొందించి 1936లో పారిస్‌లో ప్రదర్శించారు. తరువాత జర్మనీలో మైకేల్ ఫోల్డి, ఎతెల్ ఫోల్డి దంపతులు మర్దన, కట్లు, చర్మ సంరక్షణ, వ్యాయామం అన్న నాలుగింటినీ కలిపి ఒక చికిత్సాక్రమంగా తీర్చారు. నేటి చికిత్సకు పునాది అదే.

ఇంత జరిగినా, బరువులు ఎత్తవద్దన్న నిషేధం మాత్రం 20వ శతాబ్దం చివరివరకు చెక్కుచెదరలేదు. దానిని పరీక్షకు పెట్టిన ఘట్టం 1996లో కెనడాలోని వాంకూవర్‌లో జరిగింది. డాన్ మెకెంజీ అనే క్రీడావైద్యుడు రొమ్ము క్యాన్సర్ చికిత్స పొందిన 24 మంది స్త్రీలకు శిక్షణ ఇచ్చి డ్రాగన్ పడవ ఎక్కించాడు. చైనా సంప్రదాయానికి చెందిన ఈ పొడవైన పడవలో ఇరవై మంది డోలు దెబ్బకు లయగా తెడ్లు వేస్తారు. భుజానికి, చేతికి ఎడతెగని శ్రమ. నాటి సలహాల ప్రకారం ఆ స్త్రీల చేతులు వాచిపోవాలి. అలా జరగలేదు. కొత్తగా ఎవరికీ వాపు రాలేదు, అంతకుముందు ఉన్నవారికి పెరగలేదు. 1998లో మెకెంజీ ఈ అనుభవాన్ని కెనడా వైద్యసంఘ పత్రికలో ప్రచురించాడు. ఆ తరువాత ఇలాంటి జట్లు అనేక దేశాల్లో వెలిశాయి.

ఇరవై నలుగురి అనుభవం శాస్త్రానికి చాలదు. అందుకే 2009లో కాథరిన్ ష్మిట్జ్ బృందం వెలువరించిన పరిశోధన ముఖ్యమైనది. అప్పటికే చేతి వాపు ఉన్న 141 మంది స్త్రీలను రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి క్రమంగా పెంచుతూ బరువులెత్తే వ్యాయామం చేయించారు. వారి వాపు పెరగలేదు సరికదా, వ్యాధి తిరగబెట్టిన సందర్భాలు తగ్గాయి, చేతికి బలం వచ్చింది. అయితే వారు చేతికి సరిపడే ఒత్తిడి తొడుగు ధరించారనీ, శిక్షకుల పర్యవేక్షణలో తక్కువ బరువుతో మొదలుపెట్టారనీ మరువరాదు.

మరొక దిశ నుండి శస్త్రవైద్యం కూడా మారుతూ వచ్చింది. 1971లో మొదలైన బెర్నార్డ్ ఫిషర్ పరిశోధనలో 1,665 మంది స్త్రీలు పాల్గొన్నారు. ఎక్కువ కోసినంత మాత్రాన ఎక్కువకాలం బ్రతకరని అది తేల్చింది. 1994లో అర్మాండో జూలియానో బృందం నీలిరంగు సాయంతో చంకలో మొట్టమొదట ద్రవం చేరే గ్రంథిని గుర్తించి, దానిని మాత్రమే పరీక్షించే పద్ధతిని రొమ్ము క్యాన్సర్‌లో ప్రవేశపెట్టింది. దీనినే సెంటినల్ గ్రంథి పరీక్ష అంటారు. అందులో క్యాన్సర్ లేకుంటే మిగిలిన గ్రంథులను ముట్టనవసరం లేదు. చంక గ్రంథులను పూర్తిగా తొలగించినవారిలో 100 మందికి సుమారు 20 మందికి వాపు వస్తే, ఈ పద్ధతిలో సుమారు ఆరుగురికే వస్తుందని పరిశోధనల సమీక్షలు చూపాయి. కనుక శస్త్రచికిత్సకు ముందే, నాకు ఈ పరీక్ష సరిపోతుందా అని మీ వైద్యుని అడగండి. ఆ ప్రశ్న అడగడం మీ హక్కు.

ఇక చికిత్స పూర్తయినవారికి. వాపు నెలల తరువాత రావచ్చు, ఏళ్ల తరువాత కూడా రావచ్చు. చేయి బరువుగా అనిపించడం, గాజులు ఎక్కకపోవడం, ఉంగరం బిగియడం, ఆ వైపు జాకెట్టు చేయి ఇరుకు కావడం తొలి సంకేతాలు. వాటిని వయసుకో, లావుకో ఆపాదించి ఊరుకోవద్దు. తొలిదశలో పట్టుకుంటే వాపును అదుపులో ఉంచడం తేలిక, ముదిరితే చర్మం కింద కొవ్వు, నారలాంటి కణజాలం పేరుకొని గట్టిపడుతుంది. శరీర బరువును అదుపులో ఉంచుకోండి. చర్మాన్ని తేమగా ఉంచండి, వంటింట్లో తెగినా కాలినా వెంటనే కడిగి మందు రాయండి. చేయి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే ఆ రోజే వైద్యుని చూడాలి. అది ఆలస్యానికి తావులేని ఇన్ఫెక్షన్.

ఆ చేతికి ఒక్కసారి సూది గుచ్చినా, రక్తపోటు చూసినా ఇక ప్రమాదమేనని కుమిలిపోయేవారున్నారు. 2016లో వెలువడిన, 632 మందిని పరిశీలించిన అధ్యయనంలో వీటికీ వాపుకూ సంబంధం కనబడలేదు. వీలున్నప్పుడు రెండవ చేతిని వాడటం మంచి అలవాటే, వీలుకాని రోజున భయపడనవసరం లేదు.

చికిత్స తరువాత స్త్రీకి మిగలవలసింది కట్టివేసిన చేయి కాదు, పనిచేసే చేయి. వైద్యుని, ఫిజియోథెరపిస్టును అడిగి మెల్లగా మొదలుపెట్టండి, కొద్దికొద్దిగా పెంచండి, చేయి చెప్పే మాట వినండి. ఇంట్లోవారికి ఒక మనవి: పనిలో సాయపడండి, కాని ఆమె చేతిలోని పనినంతా లాక్కోవద్దు. ఆ చేతికి కదలిక కూడా ఒక మందే.