బెరెనికే బుద్ధవిగ్రహం – రోమన్ ఈజిప్టు ఎల్లలు

ఈజిప్టులో ఎర్ర సముద్ర తీరాన ఉన్న ప్రాచీన రేవుపట్టణం బెరెనికేలో, ఐసిస్ దేవాలయపు ముంగిట, 2022లో ఒక బుద్ధవిగ్రహం లభించింది. ఎత్తు 71 సెంటీమీటర్లు. శిరస్సు చుట్టూ కిరణాలతో ప్రభామండలం, పక్కన పద్మం. బౌద్ధం రోమన్ సామ్రాజ్యపు సరిహద్దును దాటిందనడానికి దీనిని నిదర్శనంగా చూపడం సహజమే. అయితే ఆ సరిహద్దు ఎక్కడ ఉండేదో ముందుగా తేలాలి.

దక్షిణాన ఎల్లను గుర్తించడం కష్టం కాదు. కుష్ రాజ్యంతో జరిగిన యుద్ధం తరువాత, క్రీ.పూ. 21 ప్రాంతంలో సామోస్ ద్వీపంలో అగస్టస్ సంధికి అంగీకరించాడు. నేటి అస్వాన్‌కు ఎగువన నైలు వెంట దాదాపు 120 కిలోమీటర్ల మేర భూమి రోమన్ల అధీనంలో నిలిచింది. క్రీ.శ. 298లో డయోక్లీషియన్ ఆ భాగాన్ని విడిచి ఎల్లను ఫిలే వద్దకు వెనక్కి జరిపాడు.

తూర్పున అటువంటి గీత ఏదీ లేదు. నైలు తీరంలోని కాప్టోస్ నుంచి బెరెనికేకు 257 రోమన్ మైళ్లని, ఎండ తీవ్రతవల్ల బిడారులు ఎక్కువగా రాత్రివేళ నడిచి పన్నెండవ నాటికి చేరేవని ప్లినీ వ్రాశాడు. ఆ ఎడారిలో ఏలుబడి అంటే నీటి బావులు, వాటిని కాచే చిన్న కోటలు, సుంకం. క్రీ.శ. 90 నాటి కాప్టోస్ శాసనం ప్రకారం నావికుడు 5 ద్రాక్మాలు, శిల్పి, వడ్రంగి వంటి పనివాడు 8 ద్రాక్మాలు దారిసుంకం చెల్లించాలి. సముద్రం మీదుగా వచ్చిన సరుకుపై విలువలో నాలుగవ వంతు వసూలయ్యేది. ముజిరిస్ నుంచి వచ్చిన సరుకుల లెక్క ఉన్న క్రీ.శ. 2వ శతాబ్దపు పపైరస్ పత్రంలో ఇది కనిపిస్తుంది. ఇక సైన్యం ఉనికినే ఎల్లగా ఎంచితే, అది తీరాన్ని దాటి చాలా దూరం పోతుంది. బెరెనికేకు దాదాపు వెయ్యి కిలోమీటర్ల దూరంలోని ఫరసాన్ దీవులలో, ఈజిప్టులో విడిది చేసిన రెండవ త్రాయానా దళానికి చెందిన పటాలం 143–144లో లాటిన్ శాసనం వేయించింది. పటంలో ముదురు గీత గీసి ఇదే రోమన్ హద్దు అని చూపడం ఈ దిక్కున చెల్లదు.

ఈ నేపథ్యంలో విగ్రహాన్ని మళ్లీ చూడాలి. దాని పాలరాయి భారతదేశానిది కాదు; నేటి ఇస్తాంబుల్‌కు దక్షిణాన ఉన్న ప్రాంతం నుంచి వచ్చి ఉండవచ్చునని పరిశోధకుల అభిప్రాయం. బెరెనికేలోనే చెక్కి ఉండవచ్చునన్నది వారి మరొక ఊహ. అదే నిజమైతే, విగ్రహం ఏ ఎల్లనూ దాటలేదు. దాటినది దాని రూపలక్షణాలను ఎరిగిన శిల్పి, లేదా వాటిని వివరించి చెక్కించుకొన్న దాత. అక్కడే దొరికిన రెండు శాతవాహన నాణేలను బట్టి ఆ దాత ఆంధ్రదేశీయుడని తేల్చడం మాత్రం తొందరపాటు. నాణెం ఎన్నో చేతులు మారుతుంది.

అదే ఆలయంలో లభించిన ఒక సంస్కృత శాసనం ఇంతకంటె గట్టి సాక్ష్యం. సర్వప్రాణుల హితసుఖాల కోసం ఒక క్షత్రియుడు ప్రతిమను సమర్పించినట్లు అందులో ఉంది. కాలం చెప్పడానికి అతడు భారతదేశపు శకాన్ని గాని, స్వదేశపు రాజును గాని పేర్కొనలేదు. రోమన్ చక్రవర్తి ఫిలిప్ ఆరవ పాలనా సంవత్సరమని, అనగా క్రీ.శ. 248 అని, వ్రాయించాడు.