పుట్టగానే ఖాతా, మరి పండేదెవరికి?

బ్రిటన్‌లో 2002 సెప్టెంబరు 1 నుంచి పుట్టిన పిల్లల పేరున సర్కారే 250 పౌండ్లు వేసేది, పేదింటి బిడ్డకైతే 500. చైల్డ్ ట్రస్ట్ ఫండ్ అని పేరు. 2001 ఎన్నికల ముందు బ్లెయిర్ సర్కారు చెప్పిన మాట, ఖాతాలు తెరిచింది 2005లో. ఆస్తి లేని ఇంటి బిడ్డ కూడా పద్దెనిమిదేళ్ళకి చేతిలో ఎంతో కొంతతో మొదలెట్టాలన్నది ఆలోచన.

2010లో కామెరాన్ సర్కారు లోటు పేరు చెప్పి మంగళం పాడేసింది. 2011 జనవరి 3 నుంచి పుట్టినవాళ్ళకి సున్నా. పసిపిల్లలకి ఓట్లుండవు మరి!

నన్ను బాధపెట్టేది వేరే. 2020 నుంచి ఈ ఖాతాలు చేతికొస్తుంటే, లక్షల ఖాతాలు అడిగే దిక్కులేక పడున్నాయి. వీసా ఆంక్షలున్న పిల్లలకి ఎలాగూ రాలేదు. అక్కడ స్థిరపడ్డ మనవాళ్ళు మాత్రం ఓసారి వెతుక్కోండి.