పడవ మారింది, హక్కు మారలేదు: ఒజిబ్వే ఆదివాసుల చేపల వేట చరిత్ర



మనలో చాలామంది ఈ మాట కాలేజీలోనో హాస్టల్లోనో బస్సులోనో విన్నవాళ్లమే: "చేతిలో స్మార్ట్‌ఫోన్, కింద బైకు, ఒంటిమీద జీన్స్ ప్యాంటు. ఇంకా నువ్వు ఆదివాసీవేంటి?" నవ్వుతూనే అంటారు గానీ, దాని వెనక ఉన్న లెక్క వేరు. పాతకాలంలో లాగే బతికితేనే నీకు హక్కు, కాలంతో పాటు మారితే హక్కు పోయినట్టే అని దాని అర్థం.

ఇదే ప్రశ్నను అమెరికాలో ఒక ఆదివాసీ జాతిని కోర్టులో నిలబెట్టి అడిగారు. అక్కడ గొడవ ఫోను గురించి కాదు, పడవ గురించి. పడవకు మోటారు ఉండొచ్చా? తలకు బ్యాటరీ లైటు కట్టుకోవచ్చా? ఈ పోస్టు ఆ చరిత్ర గురించి. కాస్త పొడవే, ఓపిగ్గా చదవండి.

ముందు ఆటగాడి పడవ సంగతి

అమెరికాలో చేపలు పట్టడం కోట్లమందికి సరదా. అందులో పెద్ద పేరున్నది బాస్ చేప. మన కొర్రమీను లాగే ఇది వేటాడి తినే చేప. నాచులో, మునిగిన దుంగల కింద నక్కి ఉండి, ఎదురుగా కదిలినదాని మీద పడుతుంది. అందుకే దాన్ని పట్టాలంటే సామాను చూసి ఎంచుకోవాలి. నాచు ఎక్కువున్న చోట గట్టి దారం, బలమైన గాలపు కర్ర కావాలి. నీళ్లు తేటగా ఉన్నచోట కంటికి ఆనని సన్నదారం కావాలి. ఎర దుంగకు తగులుకోకుండా, గాలం ముల్లును ప్లాస్టిక్ వానపాములో దాచి కడతారు. ఆ ప్లాస్టిక్ వానపామును 1949లో ఒహాయో రాష్ట్రంలో నిక్ క్రీమ్ అనే ఆయన తయారుచేశాడు.

పడవ కూడా అలాగే మెట్టుమెట్టుగా మారింది. 1909 ప్రాంతంలో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఓలే ఎవిన్‌రూడ్ పడవ వెనక తగిలించే మోటారును అమ్మకానికి తెచ్చాడు. 1930లలో చప్పుడు లేకుండా నడిచే చిన్న కరెంటు మోటారు వచ్చింది. 1948లో లూసియానాలో హోమ్స్ థర్మండ్ బాస్ వేట కోసమే ప్లైవుడ్‌తో ఒక పడవ కట్టాడు. 1950ల చివరకొచ్చేసరికి నీటి అడుగున చేప ఎక్కడుందో చెప్పే సోనార్ పెట్టె మార్కెట్లోకి వచ్చింది. 1967లో రే స్కాట్ అనే బీమా ఏజెంటు ఆర్కన్సా రాష్ట్రంలోని బీవర్ సరస్సు మీద పెద్ద బాస్ పోటీ పెట్టాడు. అక్కడి నుంచి అది పెద్ద వ్యాపారమైపోయింది. ముందు భాగంలో నిలబడి గాలం వేయడానికి వేదిక, పట్టిన చేపను బతికుంచే నీళ్ల తొట్టి, బ్యాటరీలు, లైట్లు అన్నీ పడవలోకి ఎక్కాయి.

ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ఇన్ని మారినా ఆ ఆటగాణ్ని ఎవరూ "మీ తాత వెదురుకర్రకు దారం కట్టి పట్టాడు కదా, నీకు సోనార్ ఎందుకు? ఇక నీ లైసెన్సు చెల్లదు" అని అడగలేదు.

మంటల సరస్సు

విస్కాన్సిన్ ఉత్తర భాగమంతా సరస్సులే. అది ఒజిబ్వే జాతి నేల. వాళ్లు తమను తాము అనిషినాబే అని చెప్పుకుంటారు. వాళ్లకు ముఖ్యమైన చేప వాల్‌ఐ. తమ భాషలో ఓగా అంటారు. ఏప్రిల్ ప్రాంతంలో మంచు కరగగానే ఈ చేపలు గుడ్లు పెట్టడానికి రాత్రిపూట ఒడ్డు దగ్గరి రాళ్ల నీళ్లలోకి వస్తాయి. వాటి కళ్ల వెనక ఒక పొర ఉంటుంది. వెలుగు పడితే పిల్లి కళ్లలా మెరుస్తుంది. ఒజిబ్వేలు బిర్చ్ చెట్టు బెరడుతో కట్టిన తేలిక పడవలో, ముందు దివిటీ పెట్టుకుని, మెరిసే కళ్లను చూసి ముళ్ల ఈటెతో పొడిచి పట్టేవాళ్లు. ఆ రాత్రి మంటలను చూసిన ఫ్రెంచి వర్తకులు ఒక ఊరికి లాక్ డు ఫ్లాంబో అని పేరు పెట్టారు. అంటే దివిటీల సరస్సు. ఆ పేరు నేటికీ ఉంది.

చలికాలం నెలల తరబడి సాగి, ఇంట్లో నిల్వలు అయిపోయే వేళ వచ్చే చేప అది. అందుకే వాళ్లకు అది ఆట కాదు, తిండి.

కాగితం మీద రాసిన మాట

1837లోనూ 1842లోనూ ఒజిబ్వేలు అమెరికా ప్రభుత్వంతో రెండు ఒప్పందాలు చేసుకున్నారు. ప్రభుత్వానికి పైన్ కలప, రాగి గనులు కావాలి. విస్కాన్సిన్, మిన్నెసోటా, మిచిగన్లలో లక్షల ఎకరాలు రాసిచ్చారు. కానీ ఒక షరతు పెట్టారు: అమ్మిన నేల మీద కూడా వేట, చేపలు, అడవి వరి సేకరణ మావే. అది ప్రభుత్వం వాళ్లకు ఇచ్చిన దానం కాదు. భూమి ఇచ్చేటప్పుడు వాళ్లు తమ దగ్గరే ఉంచుకున్న హక్కు. ఈ తేడా చాలా ముఖ్యం.

1850లో అధ్యక్షుడు టేలర్ వాళ్లను పడమటికి వెళ్లిపొమ్మని ఉత్తర్వు ఇచ్చాడు. ఒప్పందం ప్రకారం రావలసిన డబ్బు, సరుకులు ఇస్తామని చలి ముంచుకొస్తున్న వేళ దూరంలోని శాండీ లేక్ దగ్గరికి రప్పించారు. సరుకులు సమయానికి రాలేదు. వచ్చినవి సరిపోలేదు. రోగాలతో, ఆకలితో, తిరుగుదారిలో చలికి సుమారు 400 మంది చనిపోయారు. 1852లో 90 ఏళ్లు దాటిన పెద్ద నాయకుడు కెచేవాయిష్కే, ఇంగ్లీషువాళ్లు చీఫ్ బఫెలో అని పిలిచినాయన, బెరడు పడవ ఎక్కి వాషింగ్టన్‌కు బయల్దేరాడు. తర్వాత స్టీమరు, రైలు పట్టుకుని అధ్యక్షుడు ఫిల్‌మోర్‌ను కలిశాడు. తరలింపు ఉత్తర్వు ఆగింది. 1854 ఒప్పందంతో వాళ్లకు సొంత నేల మీద రిజర్వేషన్లు వచ్చాయి. అక్కడ రిజర్వేషన్ అంటే మన కోటా కాదు, జాతికి మిగిల్చిన భూమి.

వేట నేరమైంది

తర్వాత రైళ్లు వచ్చాయి, కలప పోయింది, సరస్సుల చుట్టూ విహారకేంద్రాలు లేచాయి. చేపలు పట్టడానికి రాష్ట్రం రాసిన రూల్సు గాలం వేసే టూరిస్టును దృష్టిలో పెట్టుకుని రాసినవే. లైసెన్సు ఉండాలి, సీజన్ ఉండాలి, రోజుకు ఇన్ని చేపలే అని లెక్క ఉండాలి. ఈటె మాత్రం నిషేధం. 1908లో విస్కాన్సిన్ సుప్రీంకోర్టు కూడా రాష్ట్ర చట్టాలు ఒజిబ్వేలకు వర్తిస్తాయని తేల్చింది. అప్పట్నుంచి ఒజిబ్వే మనిషి రిజర్వేషన్ గట్టు దాటి ఈటె పట్టుకుంటే దొంగే. జరిమానా కట్టాలి, సామాను పోగొట్టుకోవాలి, జైలుకైనా వెళ్లాలి. అయినా ఇంట్లో తినాలి కదా. చీకట్లో వెళ్లి పట్టుకొచ్చేవాళ్లు.

1974 మార్చి 8న ఇద్దరు అన్నదమ్ములు, ఫ్రెడ్ ట్రిబుల్, మైక్ ట్రిబుల్, దొంగచాటు మానేశారు. వాళ్లది లాక్ కోర్ట్ ఒరెల్ తెగ. అక్కడివాళ్లు ఆ పేరును లకూడరే అని పలుకుతారు. రిజర్వేషన్ గీత దాటి గడ్డకట్టిన సరస్సుకు రంధ్రం చేసి ఈటెతో చేపలు పట్టారు. అధికారులు కేసు రాశారు. తెగ ఒప్పందాలు పట్టుకుని ఫెడరల్ కోర్టుకెళ్లింది. 1978లో ఓడిపోయారు. అప్పీలు చేశారు. 1983 జనవరి 25న ఏడో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు తీర్పిచ్చింది: 1837, 1842 ఒప్పందాల హక్కులు బతికే ఉన్నాయి. దీన్నే వోయిట్ తీర్పు అంటారు.

అసలు ప్రశ్న: పాత పడవా, కొత్త పడవా?

1985 వసంతం నుంచి ఒజిబ్వే పడవలు రిజర్వేషన్ బయటి సరస్సుల్లోకి బహిరంగంగా దిగాయి. అవి బెరడు పడవలు కావు. వెడల్పాటి అల్యూమినియం పడవ, వెనక మోటారు. ఒకరు మోటారు దగ్గర కూర్చుని ఒడ్డు వెంట మెల్లగా నడుపుతారు. ఇంకొకరు ముందు నిలబడతారు, తలకు లైటు, పక్కన దానికి బ్యాటరీ, చేతిలో పొడవాటి కర్రకు బిగించిన ఇనుప ముళ్ల ఈటె. పట్టిన చేపలకు ఒక తొట్టి. చూడండి, మోటారు, బ్యాటరీ, ముందు నిలబడే చోటు, తొట్టి అన్నీ బాస్ పడవలోనూ ఉన్నవే. తేడా ఒక్కటే, గాలం బదులు ఈటె.

పడవలు దింపే రేవుల దగ్గర వందల్లో, కొన్ని రాత్రులు వేలల్లో జనం పోగయ్యారు. రాళ్లు విసిరారు. బూతులు తిట్టారు. పెద్ద మోటారు పడవలతో చుట్టూ తిరిగి అలలు లేపి చిన్న పడవలను ముంచాలని చూశారు. వాళ్ల వాదనల్లో బాగా వినబడింది ఇది: "1837లో మీకు బెరడు పడవ, దివిటీయే ఉన్నాయి. హక్కు కావాలంటే వాటితోనే పట్టుకోండి."

నిజానికి అక్కడి మామూలు జనానికి భయం కూడా ఉండింది. చేపలు అయిపోతే టూరిస్టులు రారు, హోటళ్లు మూతపడతాయి. ఈటె వేసే సరస్సుల్లో గాలం వేసేవాళ్ల రోజువారీ లెక్కను రాష్ట్రం తగ్గించింది. ఆ కోపం కూడా ఒజిబ్వేల మీదికే వచ్చింది.

పాత పడవ వాదనకు 1987లో ఫెడరల్ జడ్జి జేమ్స్ డాయిల్ జవాబిచ్చాడు. ఒప్పందం నాటి పద్ధతులే కాదు, తర్వాత వచ్చిన పద్ధతులు కూడా వాడుకోవచ్చు. పట్టినదాన్ని తినొచ్చు, అమ్ముకోవచ్చు. సాదాసీదాగా బతకడానికి సరిపడా తీసుకోవచ్చు. ఒజిబ్వేలు ఒప్పందంలో దాచుకున్నది చేప మీద హక్కును. బెరడు పడవను కాదు.

1989లో రాష్ట్రం ఇంకో దారి పట్టింది. ఈటె వేట పదేళ్లు ఆపితే దాదాపు 5 కోట్ల డాలర్ల విలువైన సాయం ఇస్తామని లాక్ డు ఫ్లాంబో తెగతో మాట్లాడింది. పేద తెగకు చిన్న మొత్తం కాదది. తెగ ఓటింగ్ పెట్టుకుంది. లోపల కూడా భేదాలు ఉన్నాయి, కావాలన్నవాళ్లు తక్కువేమీ కాదు. చివరికి వద్దన్నవాళ్లే గెలిచారు.

హక్కుతో పాటు లెక్క

ఈ కథలో మనం ఎక్కువగా నేర్చుకోవలసింది ఇక్కడుంది. గెలిచాక ఒజిబ్వేలు "ఇక మా ఇష్టం" అనలేదు. 1984లోనే తెగలన్నీ కలిసి గ్రేట్ లేక్స్ ఇండియన్ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ కమిషన్ పెట్టుకున్నాయి. సొంత జీవశాస్త్రవేత్తలు, సొంత వార్డెన్లు. ఏ సరస్సులో ఎన్ని వాల్‌ఐ ఉన్నాయో లెక్క వేస్తారు. పెద్ద చేపల్లో ఏడాదికి 35 శాతానికి మించి తీయకూడదన్న హద్దు పెట్టుకుని, అందులో తెగ వాటా ఎంతో తేలుస్తారు. ఏ రాత్రికి ఆ రాత్రి పర్మిట్. రేవు దగ్గరే మనిషి నిలబడి ప్రతి చేపనూ లెక్కపెడతాడు, కొలుస్తాడు. లాక్ డు ఫ్లాంబో తెగకు చేపపిల్లలను పెంచే సొంత కేంద్రం కూడా ఉంది.

1991లో ఫెడరల్, రాష్ట్ర, తెగల శాస్త్రవేత్తలు కలిసి చేసిన సర్వే వచ్చింది. ఈటె వేట వల్ల సరస్సుల్లో చేపలు నాశనం కాలేదని అందులో తేలింది. అదే ఏడాది జడ్జి బార్బరా క్రాబ్ తుది తీర్పు ఇచ్చింది. రాష్ట్రమూ తెగలూ అప్పీలుకు పోలేదు. రేవుల దగ్గర వేధించేవాళ్ల మీద కోర్టు నిషేధం పెట్టింది. గొడవలు తగ్గాయి గానీ, వేధింపులు అక్కడక్కడా తర్వాత కూడా జరిగాయి. 1999లో మిన్నెసోటాకు చెందిన మిల్ లాక్స్ తెగ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో 1837 హక్కులు నేటికీ చెల్లుతాయని చెప్పింది.

మనకేంటి ఇందులో?

అమెరికా చట్టం వేరు, మనది వేరు. మనకు అలాంటి ఒప్పందాలు లేవు. కానీ ప్రశ్న ఒకటే. 1965లో లోకూర్ కమిటీ మనల్ని గుర్తించడానికి చెప్పిన కొలతల్లో "ఆదిమ లక్షణాలు" అనేది ఒకటి. ఆ కొలత పట్టుకునే ఇవాళ్టికీ ఫోను చూసి, బైకు చూసి మనల్ని అడుగుతున్నారు. హక్కు మనిషికి, జాతికి, నేలతో ఉన్న సంబంధానికి ఉంటుంది. చేతిలో ఏ సామాను ఉందనేదానికి కాదు.

నీళ్ల మీద మనకూ చట్టం ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(డి)లో చేపలు, నీటివనరుల ఇతర ఉత్పత్తుల మీద సామూహిక హక్కును స్పష్టంగా రాశారు. సామూహిక హక్కుల కోసం గ్రామసభ నింపే ఫారం-బిలో దానికి ఒక గడి ఉంది. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటివనరుల నిర్వహణను పంచాయతీ వ్యవస్థకు ఇచ్చింది. పోడు పట్టాల గురించి మనం గట్టిగానే మాట్లాడతాం. వాగు, చెరువు, మడుగు గురించి ఎంతమందిమి అడిగాం?

ఈ సెలవుల్లో ఊరికెళ్తే ఒక పని చేయండి. పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగండి: ఏ మడుగులో ఏ చేప, ఏ కార్తెలో, దేనితో పట్టేవాళ్లు, ఎవరెవరు పంచుకునేవాళ్లు, ఏ రోజుల్లో పట్టొద్దని కట్టుబాటు ఉండేది. మన భాషలో ఆ చేపల పేర్లు, మావు, వల, ఈటె పేర్లు రాసుకోండి. వీలైతే గ్రామసభ రిజిస్టరులో ఎక్కించండి. ట్రిబుల్ అన్నదమ్ముల కేసును నిలబెట్టింది నూట నలభై ఏళ్ల కిందట రాసిపెట్టుకున్న ఒక్క షరతు. రేపు మన పిల్లలకు చూపించడానికి మన దగ్గరా ఒక కాగితం ఉండాలి.

మీ ఊరి చేపల వేట గురించి తెలిసినవాళ్లు కింద రాయండి. గోండు, కోయ, కొండరెడ్డి, సవర, ఎవరిదైనా సరే. అన్నీ ఒకచోట చేరుద్దాం.

జల్, జంగల్, జమీన్. అందులో మొదటి మాట నీళ్లే.

జై ఆదివాసీ.