ముళ్లచేప, బద్దెపురుగు: మంచుయుగం తర్వాతి చరిత్ర

కెనడా పశ్చిమ తీరంలోని వాంకూవర్ దీవి మంచుయుగంలో హిమానీనదాల కింద ఉండేది. సుమారు 12,000 ఏళ్ల కిందట ఆ మంచు కరిగి వెనక్కి తగ్గాక కొత్త వాగులు, సరస్సులు ఏర్పడ్డాయి. సముద్రం నుంచి ఒక చిన్న చేప వాటిలోకి ఎదురెక్కింది. వేలెడు పొడవుండే ఆ చేప వీపు మీద మూడు ముళ్లుంటాయి, పేరు స్టికిల్‌బ్యాక్. ఒక్కో సరస్సులో స్థిరపడిన గుంపు ఆపైన మిగతా గుంపులతో పెద్దగా కలవలేదు, తన దారిన తాను మారుతూ వచ్చింది. మూలం ఒక్కటే, వయసూ దాదాపు ఒక్కటే, బతికే నీళ్లు మాత్రం వేరు. జీవపరిణామాన్ని అధ్యయనం చేయడానికి ఇంత అనువైన చోట్లు ప్రపంచంలో చాలా తక్కువ.

మంచినీటిలో ఆ చేపకు ఒక కొత్త శత్రువు ఎదురైంది. అది షిస్టోసెఫాలస్ సాలిడస్ అనే బద్దెపురుగు. దీని గుడ్లు ఉప్పునీటిలో సరిగా పొదగవు కాబట్టి, సముద్రంలో బతికిన పూర్వీకులకు దాని బెడద దాదాపు లేదు. చేపలు తినే పక్షి రెట్టతో పురుగు గుడ్లు నీటిలో పడతాయి. వాటిలోంచి వచ్చిన డింభకాన్ని సైక్లాప్స్ వంటి, కంటికి ఆనీ ఆననంత చిన్న నీటిపురుగు మింగుతుంది, ఆ నీటిపురుగును స్టికిల్‌బ్యాక్ తింటుంది. బద్దెపురుగు చేప పేగు గోడను తొలుచుకొని ఉదరకుహరంలోకి చేరి, అక్కడ నెలల తరబడి పెరుగుతుంది. కొన్ని చేపల్లో పురుగు బరువు చేప సొంత బరువుకు దగ్గరగా వస్తుంది. పొట్ట ఉబ్బిన చేప ఈత మందగిస్తుంది, పక్షి నీడ పడినా మునుపటిలా బెదరదు. లకుముకి పిట్టో మరో నీటిపక్షో దాన్ని పట్టి తింటే పురుగు ప్రయాణం పూర్తవుతుంది. పక్షి పేగుల వెచ్చదనంలో అది రెండు మూడు రోజుల్లోనే గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది.

ఈ రెండు జీవులూ శాస్త్రానికి ఎప్పటి నుంచో తెలుసు. చేపకు లినేయస్ 1758లో పేరు పెట్టాడు, పురుగును ఓటో ఫ్రీడ్రిష్ ముల్లర్ 1776లో వర్ణించాడు. 1946లో జె. డి. స్మిత్ చేప కడుపులోంచి తీసిన పురుగును పక్షితో పని లేకుండా ప్రయోగశాలలోనే గుడ్లు పెట్టే దశ దాకా పెంచాడు. తర్వాతి పరిశోధనకంతా ఇది పునాది అయింది. ఏ చేపకు, ఎప్పుడు, ఏ పురుగును ఎక్కించాలో నిర్ణయించడం పరిశోధకుల చేతిలోకి వచ్చింది.

రోగనిరోధకత ఎలా పరిణమిస్తుందన్న ప్రశ్నను ఈ చేపతో గట్టిగా పట్టుకున్నది ఉత్తర జర్మనీలోని ప్లోన్ పట్టణంలో, మాక్స్ ప్లాంక్ సంస్థలో మాన్‌ఫ్రెడ్ మిలిన్‌స్కీ బృందం. వాళ్ల దృష్టి ఎమ్‌హెచ్‌సీ అనే జన్యువుల మీద నిలిచింది. శరీరంలో చొరబడిన జీవి తాలూకు ప్రోటీన్ ముక్కలను కణం ఉపరితలం మీదికి తెచ్చి, రక్షక కణాలకు చూపించే అణువులను ఈ జన్యువులు తయారుచేస్తాయి. వీటిలో ఎన్ని రకాలుంటే అన్ని పరాన్నజీవులను గుర్తుపట్టవచ్చని అనిపిస్తుంది. కానీ 2003లో వెలువడిన ఫలితం వేరుగా ఉంది. అతి తక్కువ రకాలున్న చేపల్లోనూ, అతి ఎక్కువ రకాలున్న చేపల్లోనూ పరాన్నజీవులు ఎక్కువగా కనిపించాయి. మధ్యస్థంగా ఉన్నవే అన్నిటికన్నా తేలిగ్గా తట్టుకున్నాయి. రకాలు మరీ పెరిగితే సొంత కణజాలం మీదే దాడి చేయగల రక్షక కణాలు ఎక్కువవుతాయి. వాటిని శరీరం ముందే ఏరివేయాల్సి రావడంతో పనికొచ్చేవి కూడా తగ్గిపోతాయన్నది దీనికి ఇచ్చే వివరణ. అంతకు రెండేళ్ల ముందే ఇదే చేపలో ఆడవి తమ పిల్లలకు తగినన్ని రకాలు దక్కేలా మగచేపను వాసనతో ఎంచుకుంటాయని తేలింది. ఉత్తర జర్మనీలోనే పరాన్నజీవులు ఎక్కువగా ఉండే సరస్సుల చేపల్లో, నదుల చేపల్లో కన్నా ఎమ్‌హెచ్‌సీ వైవిధ్యం ఎక్కువ.

వాంకూవర్ దీవి కథ మరింత ఆశ్చర్యకరమైనది. అక్కడి సరస్సుల్లో బద్దెపురుగు సోకిన చేపల శాతం ఒకచోట సున్నా అయితే మరోచోట 80 దాకా ఉంటుంది. ఈ తేడా నీటిదా, చేపదా అన్నది తేల్చడానికి పరిశోధకులు డేనియల్ బోల్నిక్, జెస్సీ వెబర్, వారి సహచరులు పురుగు బాగా సోకే సరస్సు నుంచి ఒక గుంపునూ, కనిపించని సరస్సు నుంచి ఒక గుంపునూ తీసుకున్నారు. వాటి సంతానాన్ని ప్రయోగశాలలో ఒకే తీరున పెంచి, లెక్క ప్రకారం పురుగును ఎక్కించారు. 2017లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, పురుగు రెండు గుంపుల్లోనూ సమానంగానే లోపలికి చొరబడింది. ఆ తర్వాతే దారులు వేరయ్యాయి. పురుగు కనిపించని సరస్సు చేపల్లో అది వంద రెట్లు చిన్నదిగా గిడసబారిపోయింది. వాటి రక్షక కణాలు విషపూరితమైన ఆక్సిజన్ అణువులను మూడు రెట్లు ఎక్కువగా విడుదల చేశాయి. రెండు గుంపులను కలిపి పుట్టించిన పిల్లల్లో పురుగు పరిమాణం మధ్యస్థంగా ఉంది. అంటే తేడా వంశపారంపర్యమే. కొన్ని వేల ఏళ్లలోనే ఒక వెన్నెముక జీవి ఇంత బలమైన రక్షణను సంపాదించుకుంది.

దాని పనితీరు 2022 నాటి అధ్యయనంలో మరింత స్పష్టమైంది. ప్రతిఘటించే చేపలు పురుగు చేరగానే ఉదరకుహరంలో గట్టి నారకణజాలాన్ని అల్లుతాయి. వైద్యులు దీన్ని ఫైబ్రోసిస్ అంటారు. మనుషుల కాలేయంలో, ఊపిరితిత్తుల్లో వస్తే అది జబ్బు. చేపలో మాత్రం అదే ఆయుధం. పురుగు కదల్లేక, పెరగలేక, కొన్నిసార్లు ఆ నారల్లోనే చుట్టుకుపోయి చస్తుంది. అయితే అవయవాలు కూడా ఒకదానికొకటి అతుక్కుపోతాయి, పురుగు పోయిన తర్వాతా ఆ స్థితి చాలాకాలం ఉంటుంది. గుడ్లు పట్టాల్సిన కడుపు బిగుసుకుపోవడంతో ఆ చేపల సంతానోత్పత్తి బాగా దెబ్బతింటుంది.

అందుకే కొన్ని సరస్సుల్లో చేపలు ఈ ఆయుధాన్ని వాడవు. పురుగు వాటిలో పెద్దదిగా పెరుగుతుంది, చేప దాన్ని మోస్తూనే గుడ్లు పెడుతుంది. వీటిని బలహీనమైన చేపలు అనడం సరికాదు. జన్యువులను పరిశీలిస్తే ప్రతిఘటించే గుంపులోనూ, ఓర్చుకునే గుంపులోనూ ప్రకృతి వరణం ఎదురెదురు దిశల్లో పనిచేసిన ఆనవాళ్లు కనిపించాయి. రోగనిరోధకత ఎంత ఎక్కువైతే అంత మేలన్న భావన ఇక్కడ నిలవదు. జబ్బు వల్ల పోయేదెంత, రక్షణ వల్ల పోయేదెంత అన్న లెక్క ప్రతి సరస్సులోనూ విడిగా తేలింది.

ఈ లెక్క తేలడానికి తరాలు పడుతుంది. ఆ వ్యవధి దొరకని చేపలకు ఏమవుతుందో నార్వే నదుల్లో తెలిసింది. గైరోడాక్టైలస్ సాలారిస్ అర మిల్లీమీటరు పొడవుండే పురుగు. సాల్మన్ చర్మానికి కొక్కేలతో అంటుకొని, గుడ్లతో పని లేకుండా నేరుగా పిల్లల్ని కంటుంది. బాల్టిక్ ప్రాంతపు సాల్మన్‌లు దానితో వేల ఏళ్లుగా కలిసి బతుకుతున్నాయి. వాటి మీద పురుగుల సంఖ్య కొంత పెరిగి, ఆపై పడిపోతుంది. అట్లాంటిక్ వైపు నార్వే సాల్మన్‌లకు ఆ పురుగు తెలియదు. 1970లలో స్వీడన్ హేచరీల నుంచి తెచ్చిన చేపపిల్లలతో అది నార్వేలో అడుగుపెట్టింది, 1975లో తొలిసారి గుర్తించారు. క్రమంగా దాదాపు 50 నదులకు పాకి, చాలాచోట్ల సాల్మన్ పిల్లలను తుడిచిపెట్టేసింది. పురుగును నిర్మూలించడానికి ఎక్కువ నదుల్లో రోటెనోన్ మందు కలిపి చేపలన్నిటినీ చంపాల్సి వచ్చింది. ముందుగా జన్యు బ్యాంకుల్లో దాచిన స్థానిక సాల్మన్ వంశాలతోనే ఆ నదులను తిరిగి నింపారు.