ధాతువు ఒకటే, ఉపసర్గలు మూడు

సంస్కృతంలో "హృ" అనే ధాతువు ఉంది. దాని ముందు "ఆ" చేరితే ఆహారం, "వి" చేరితే విహారం, "సం" చేరితే సంహారం. ధాతువు మారలేదు, ముందు వచ్చి నిలిచిన ఒక చిన్న ఉపసర్గ అర్థాన్ని ఎక్కడికో లాక్కుపోయింది. తెలుగు పండితుడిగా ఏళ్ళ తరబడి పిల్లలకు చెప్పిన ఈ పాఠం, జీవకణం కదలికను గురించి చదువుతున్నంతసేపూ నా మనసులో మెదులుతూనే ఉంది. కారణం చెబుతాను.

కణం అనగానే మనకు తోచేది పాఠ్యపుస్తకంలోని బొమ్మ: ఇటుకల్లా పేర్చిన గళ్ళు. 1665లో రాబర్ట్ హుక్ బెండుముక్కను సూక్ష్మదర్శినిలో చూసి పెట్టిన పేరుకు అర్థం "చిన్న గది". మన "కణం" అనే మాటలోనూ చలనం లేదు. కాని 1882లో సిసిలీ ద్వీపంలోని మెస్సీనాలో మెచ్నికోవ్ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు, గాజులా పారదర్శకంగా ఉండే నక్షత్రచేప పిల్లకు గులాబీముల్లు గుచ్చి, మర్నాడు ఉదయం చూశాడు. కణాలు నడచి వచ్చి ముల్లు చుట్టూ మూగి ఉన్నాయి! ఆ పరిశీలనతో మొదలైన కృషికే ఆయనకు 1908లో నోబెల్ బహుమానం దక్కింది. గది నడిచిందని తేలింది సరే, దాని కాళ్ళేవి? నడిపించేదెవరు? ఈ ప్రశ్నలకు సమాధానం రావడానికి నూరేళ్ళకు పైగా పట్టింది.

ముందు కాళ్ళ సంగతి. 1942లో, యుద్ధం నడుస్తుండగా, హంగరీలోని సెగెడ్ నగరంలో స్ట్రాబ్ అనే ఆయన కండరం నుంచి యాక్టిన్ అనే ప్రోటీనును వేరుచేశాడు. అది కండరాల సొత్తు అనుకుంటుండగా, 1966లో జపాన్‌లో హతానో, ఒసావా దాన్ని కండరమే లేని జిగురుబూజులో చూపించారు. 1974లో లాజరైడిస్, వెబర్ మామూలు కణాలలోనూ ఆ పోగుల్ని వెలిగించి చూపారు. యాక్టిన్ రేణువులు పూసల్లా ఒకదానికొకటి చేరి పోగవుతాయి, మళ్ళీ విడిపోతాయి. ఈ చేరికలో ఖర్చయ్యేది ఏటీపీ. దాన్ని 1929లో కనుగొన్నవారిలో జర్మనీకి చెందిన లోమాన్‌తో పాటు, వేరుగా హార్వర్డులో పనిచేసిన ఫిస్కే, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఉన్నారు. ఆయన పేరు తలవకుండా ముందుకు సాగడానికి మనసొప్పలేదు.

ధాతువు దొరికింది. ఉపసర్గలు మాత్రం ఎవరూ ఊహించని చోటి నుంచి వచ్చాయి. 1985లో కొలంబియా విశ్వవిద్యాలయంలో మదోల్, ఆక్సెల్ ఒక సముద్రపు నత్తజాతి జీవిలో ఒక జన్యువును చూశారు. కాన్సరు పరిశోధనలో అప్పటికే పేరుమోసిన "రాస్" అనే జన్యువుకు అది దూరపు చుట్టం. దానికి "రో" అని పేరుపెట్టారు. అది చేసే పనేమిటో తెలియదు. తెలియజెప్పింది ఒక సూక్ష్మజీవి. బొటులిజం కలిగించే బాక్టీరియా తయారుచేసే సీ3 అనే ఎంజైము రోను పనికిరాకుండా చేస్తుంది. అప్పుడు కణంలోని పోగులు మాయమై కణం గుండ్రంగా ముడుచుకుంటుంది.

ఇక 1992. లండన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కాన్సర్ రీసెర్చ్‌లో ఆలన్ హాల్, ఆన్ రిడ్లీ ఎలుక కణాలను తీసుకుని, వాటికి సీరం అందకుండా ఆపారు. ఏకాదశి ఉపవాసం వంటిదే. అలా ఉంచితే కణంలో పోగులు చాలావరకు కరిగిపోయి, కణం నిశ్చలంగా పడి ఉంటుంది. అటువంటి కణంలోకి అతి సన్నని గాజుసూదితో రో ప్రోటీనును ఎక్కించారు. కొద్ది నిమిషాలలోనే కణానికి అడ్డంగా బిగువైన లావుపాటి పోగులు లేచాయి. మరో కణంలోకి రో కుటుంబానికే చెందిన రాక్‌ను ఎక్కించారు. ఈసారి కణం అంచులు చీర కుచ్చిళ్ళలా మడతలు పడి ముందుకు చాచుకున్నాయి. తర్వాత పోగులు కూడా వచ్చాయి గాని, అవి రో ద్వారా వచ్చినవే.

నా దృష్టిలో అసలు గొప్పతనం ఆ ప్రయోగపు రెండవ సగంలో ఉంది. సీరంలోని ఒక కొవ్వు పదార్థం మామూలుగా పోగుల్ని పుట్టిస్తుంది. రోను సీ3తో ముందే కట్టేసి, ఆ కొవ్వు పదార్థాన్ని ఇచ్చారు. పోగులు రాలేదు. అలాగే రాక్‌ను అడ్డగించి, కుచ్చిళ్ళు తెప్పించే ప్లేట్‌లెట్ల పెరుగుదల కారకాన్ని ఇచ్చారు. కుచ్చిళ్ళు రాలేదు. మన తార్కికులు అన్వయ వ్యతిరేకాలంటారే, అవే ఇవి: ఇది ఉంటే అది ఉండడం, ఇది లేకపోతే అది లేకపోవడం. మొదటి సగం ఒక్కటే ఉంటే, "సూదితో పొడిచి బలవంతాన చేయించిన పని కదా" అని ఎవరైనా పెదవి విరిచేవారు. రెండవ సగంతో ఆ నోరు మూతపడింది. బయటి కబురు లోపలికి చేరే దారి ఇదేనని రుజువైంది.

మూడవ ఉపసర్గ సీడీసీ42. ఇది రొట్టెకు వాడే ఈస్టులో దొరికింది. ఇది లేని ఈస్టు ఉబ్బుతుంది గాని మొగ్గ తొడగదని 1990లో తేలింది. 1995లో హాల్‌తో కలిసి నోబ్స్, వేరుగా లూయిస్ లిమ్ బృందం, జంతుకణంలో ఇది సన్నని వేళ్ళవంటి పోగుల్ని ముందుకు తోస్తుందని చూపారు. వేళ్ళు దారి వెదుకుతాయి, కుచ్చిళ్ళు ముందుకు పాకుతాయి, బిగువు పోగులు వెనుక భాగాన్ని లాక్కుంటాయి. మూడూ విద్యుద్దీపపు మీటల వంటివే: జీటీపీ అంటుకుని ఉన్నంతసేపు వెలుగు, అది తెగి జీడీపీగా మారితే చీకటి.

ఇంతటితో కథ ముగిసి ఉంటే ఎంత చక్కగా ఉండేది! ముందు రాక్, వెనుక రో అని చాలాకాలం పాఠం చెప్పుకున్నారు. కాని 2009లో, ఈ మీటలు వెలిగే క్షణాన్నే పట్టుకోగల మెరుపు ప్రోటీన్లతో కొలిచి చూస్తే, కణం అంచు ముందుకు కదిలే వేళ అక్కడ మొదట వెలిగింది రో! మిగిలిన రెండూ దాదాపు 40 సెకన్లు ఆలస్యంగా, 2 మైక్రోమీటర్లు వెనుకగా వెలిగాయి. సూత్రం రాసినంత తేలికగా ప్రయోగాలు దానికి లొంగవని మా వ్యాకరణం వాళ్ళకు తెలియనిది కాదు.

ఆలన్ హాల్ 2015లో కన్నుమూశాడు. రో తర్వాతి గొలుసులో ఉండే రో కైనేజ్ అనే ఎంజైమును అణచే నెటార్సుడిల్ అనే కంటిచుక్కలకు 2017లో అమెరికాలో అనుమతి వచ్చింది. నీటికాసుల వ్యాధిలో కంటిలోని నీరు బయటికి పోయే జల్లెడవంటి కణజాలం ఆ చుక్కలతో బిగువు సడలుతుంది, కంటిలో ఒత్తిడి తగ్గుతుంది. ఎలుక కణాలలో లండన్‌లో చూసిన ఆ బిగువే ఇక్కడా సడలేది.