పైచదువునకై సముద్రయానము

సికింద్రాబాదు మోండా మార్కెట్టులో ఆకుకూరల వరుసవైపు నడచిన గృహిణులు పాలకూర కట్టను ఎన్నిసార్లో చేతపట్టి ఉందురు. ఆ ఆకునకును, మందుల దుకాణమున దొరకు ఫోలిక్ ఆమ్లపు మాత్రకును దగ్గరి చుట్టరికము. లాటిన్ భాషలో ఫోలియం అనగా ఆకు. 1941లో అమెరికాలో నాలుగు టన్నుల పాలకూర నుండి రవ్వంత పదార్థమును రాబట్టినవారు దానికి ఆ పేరుంచినారు. (కూరను అతిగా ఉడికించినచో ఆ పదార్థము చాలభాగము నశించును, వంటింటివారు గమనింతురు గాక.) దానిని కృత్రిమముగా తయారుచేసిన పరిశోధక బృందమునకు నాయకుడు తెలుగువాడు, ఇక్కడ వైద్యపట్టా పొందిన పిమ్మట సముద్రము దాటి చదివినవాడు. విదేశవిద్య వలన లాభమేమి అను ప్రశ్నకు యల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్ర కంటె మంచి సాక్ష్యము నాకు కనబడదు.

సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించినారు. యౌవనమున ఇద్దరు సోదరులు కొలది దినముల వ్యవధిలో స్ప్రూ అను జీర్ణకోశ వ్యాధికి బలియైనారు. మదరాసు వైద్య కళాశాలలో ఆయనకు దక్కినది ఎం.బి.బి.ఎస్. కాదు, దానికి దిగువదైన ఎల్.ఎం.ఎస్.; శస్త్రచికిత్సకు ఖద్దరు తొడిగి వెళ్ళుటయే కారణమని చెప్పుదురు. మామగారి సొమ్మును, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయమును కూడగట్టుకొని, 1920 దాటిన తొలి సంవత్సరములలో బోస్టను చేరి, హార్వర్డులో ఉష్ణమండల వైద్యమున డిప్లొమా పొందినారు. పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేసినారు.

అక్కడ ఆయనకు లభించినదేమి? ఆనాటి మన కళాశాలలు తెలిసిన వైద్యమును నేర్పి, పరీక్షించి పంపెడివి. హార్వర్డులో సైరస్ ఫిస్కె ఆయనను ఎవరికిని సమాధానము తెలియని ప్రశ్నల ముందు నిలబెట్టినాడు. 1925లో ఇరువురును కలిసి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించినారు. ఆ కొలత చేతికి వచ్చినందుననే కండరములలోని ఫాస్ఫోక్రియటిన్ 1927లోను, జీవకణములకు శక్తినందించు ఏ.టి.పి. 1929లోను వారికి చిక్కినవి. 1930లో డాక్టరేటు వచ్చినది. నా దృష్టిలో ఆ బిరుదు కంటె ఆ కొలతయే ఘనము.

విద్య కొరకు సముద్రము దాటినవారు మనవారు మాత్రమే కారు. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, గర్భిణులైన మిల్లు కార్మిక స్త్రీల పాండురోగమును పరిశోధించి, ఈస్టు సారముతో అది తగ్గునని 1931లో ప్రకటించినది. ఆ సారములోని గుణము ఫోలిక్ ఆమ్లముదని తరువాత తేలినది. 1940లో లెడర్లె సంస్థలో చేరిన సుబ్బారావుగారి బృందము 1945లో దానిని తయారుచేసినది. స్ప్రూ రోగులకు ఇచ్చి చూడగా గుణము కనబడినది. సోదరులు పోయి అప్పటికి పాతికేండ్లు దాటినవి.

తిరిగిరాని విద్యార్థి వలన మనకేమి లాభమని పెద్దలడుగుదురు. అడుగవలసినదే. హార్వర్డు ఆయనకు స్థిరమైన ఆచార్యపదవి ఈయలేదు. ఆయన స్వదేశమునకు రాలేదు. 1948లో, 53వ యేట, అక్కడనే కన్నుమూసినారు. భార్య ఆయనను మరల చూడలేదు. ఈ నష్టమును ఏ విశ్వవిద్యాలయమును లెక్కలో వ్రాసికొనదు. అయినను, ఆయన పర్యవేక్షణలో 1947లో వెలువడిన డై ఇథైల్ కార్బమజీన్ మాత్రలనే బోదకాలు నివారణకై మన జిల్లాలలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి పంచినారు.