రెండు రూపాయల సంగీతం

మన బడి రికార్డుల్లో సంగీతం ఊసు ఎక్కడా లేదు. కానీ 1982 ఆగస్టు నుంచి 1985 ఫిబ్రవరి దాకా, శనివారం మధ్యాహ్నాలు తూర్పు వరండాలో సరళీ స్వరాలు వినిపించేవని నాతో చదివినవాళ్లలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది. ఆ తరగతి పెట్టించింది మా నాన్నగారు. ఆయన టీచరు కాదు, కమిటీ మెంబరూ కాదు. జూట్ మిల్లులో గుమస్తా, ఇక్కడ చదివే ఒక పిల్లాడికి తండ్రి, అంతే. ఆయన పోయాక బీరువాలో దొరికిన లెక్కల పుస్తకమే ఈ వ్యాసానికి ఆధారం.

ఆయన ధైర్యమంతా మన విజయనగరం కథే. 1919లో విజయరామ గజపతిరాజు గారు సంగీత పాఠశాల పెట్టారు. ఆస్థానంలో ఉన్న చాగంటి జోగారావు గారి అబ్బాయికి చూపు లేదు, సంగీతం మాత్రం బాగా పట్టుబడింది. ఆ పిల్లవాడి కోసమే పెట్టారని ఊళ్లో చెప్పుకుంటారు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు. విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడు గారిని వయొలిన్ గురువుగానే నియమించేశారు. ఘంటసాల మధూకరం ఎత్తుకుని ఇక్కడే చదువుకున్నారు. సుశీల సరేసరి, మన ఊరి ఆడపడుచు. నాలుగు వీధుల అవతల ఇంత ఉండగా మన బడి పిల్లలకు శ్రుతి అంటే ఏమిటో తెలియకపోవడం నాన్నగారికి కష్టంగా ఉండేది.

"ఒక తండ్రి కోసం రాజుగారు కాలేజీయే పెట్టారండీ. మీరు వారానికి రెండు పీరియడ్లు ఇవ్వలేరా?" అని అప్పటి హెడ్మాస్టరు గారిని అడిగారు.

"రాజుగారికి టెన్త్ రిజల్ట్స్ బెంగ లేదు కదా బాబూ" అన్నారట ఆయన.

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. మూడు నెలలు తిరగ్గా చివరికి దొరికింది శనివారం ఒంటిపూట బడి అయ్యాక గంటన్నర. గది కాదు, వరండా. జీతంతో బడికి సంబంధం లేదు.

సంగీత కళాశాలలో చదివి ఉద్యోగం దొరకని ఒక మాస్టారు నెలకు నలభై రూపాయలకు ఒప్పుకున్నారు. పిల్లకి రెండు రూపాయల చొప్పున వసూలు చేయడానికి నాన్నగారు ఇల్లిల్లూ తిరిగారు. మగపిల్లాడికి పాటలెందుకన్నారు కొందరు. ఆడపిల్లకి నేర్పితే సినిమాల్లోకి పోతుందన్నారు మరికొందరు. మొదటి నెల 23 పేర్లు, 46 రూపాయలు. మాయామాళవగౌళలో నెలల తరబడి సరిగమలే. సినిమా పాటలు నేర్పుతారని చేరిన మగపిల్లలం దసరాకే జారుకున్నాం.

నాకు పాట రాకపోవడం ఒక్కటే కారణం కాదు. క్లాసులో నన్ను 'సరిగమ' అని పిలిచేవారు. నాన్నగారు ఆ పుస్తకం చంకన పెట్టుకుని నా స్నేహితుల ఇళ్ల తలుపులు తడుతుంటే, నేను పక్క వీధిలోంచి ఇంటికి పోయేవాణ్ని. ఆయన ఒకటి రెండుసార్లు చూశారు కూడా. ఏమీ అనలేదు.

1985లో మాస్టారికి వేరే ఊళ్లో ఉద్యోగం దొరికింది. నలభైకి మరొకరు రాలేదు. తరగతి ఆగిపోయింది. చివరిదాకా నిలిచినవాళ్లలో ఒకమ్మాయి తర్వాత సంగీత కళాశాలలో డిప్లొమా చేసింది. ఈ స్వర్ణోత్సవ సభలో ప్రార్థన పాడబోయేది ఆవిడే.

ఇంజనీరుని కనుక మొన్న కూర్చుని ఆ పుస్తకం లెక్క సరిచూశాను. మొత్తం 31 నెలలు. పిల్లలు 11 మందికి తగ్గినా మాస్టారి జీతం ఒక్క నెల కూడా నలభైకి తగ్గలేదు. అదెలాగో మొదట అర్థం కాలేదు. పేజీలు తిప్పితే తెలిసింది: మానేసిన పిల్లల్లో కొందరి పేర్లు ఆయన కొట్టేయలేదు, వాళ్ల రెండేసి రూపాయలు తనే వేసేవారు. గుమస్తా జీతంలోంచి ఆ డబ్బు పోతున్నట్టు అమ్మకి తెలుసో లేదో. నా పేరు ఎదురుగా 31 నెలలూ 'ముట్టినది' అని ఉంది.

నేను వెళ్లింది ఆరు శనివారాలు.